ఏ కోడాన్ అయినా ఒకటేనని నేను రాయలేదు

నేను రాయని అబద్ధం ఒకటి నా పేరు మీద అచ్చయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసిన కోచింగ్ సంస్థ వాళ్ల జీవశాస్త్రం పుస్తకంలో, జన్యువుల పాఠంలో, అది ఉంది: "ఒకే అమైనో ఆమ్లానికి ఉన్న కోడాన్లలో దేన్ని వాడినా ఏ జీవికీ ఏ తేడా ఉండదు." అట్ట మీద నా పేరు. వాక్యం నాది కాదు. దానికి సరిగ్గా ఎదురు మాట చెప్పడానికే నేను ఆ వీధిలో సుద్దముక్క పట్టుకుని బతుకంతా గడిపాను.

జాలి కోసం ఇది రాయడం లేదు. కోచింగ్ సెంటర్లలో లెక్చరర్లుగా చేరబోయే పిల్లల కోసం రాస్తున్నాను. చేరేటప్పుడు మీరు జీతం అడుగుతారు, సెలవులు అడుగుతారు, ఎన్ని సెక్షన్లు అని అడుగుతారు. నా పేరు మీద ఏం అచ్చు వేస్తారని ఎవరూ అడగరు. అడగండి.

చిరిగిన పేజీల చదువు

మాది నల్గొండ వైపు పల్లె. డిగ్రీ దూరవిద్యలో అయింది. మొక్కల గురించి నాకు పొలంలోనే తెలుసు. కణం లోపలి సంగతులు మాత్రం ఏ గురువూ చెప్పలేదు. ఆదివారాలు కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకుని తెచ్చుకునేవాణ్ని. సగం వాటిలో పేజీలు ఉండేవి కావు. లేని పేజీలో ఏముండి ఉంటుందో ముందు పేజీని, వెనక పేజీని బట్టి తేల్చుకోవడమే నా ఎమ్మెస్సీ.

దిల్‌సుఖ్‌నగర్‌లో అప్పటికి మెట్రో లేదు. సెల్లారుల్లో క్లాసులు. పైన హోటల్, కింద మేము. సాంబారు పోపు వాసన రాగానే పిల్లలకు పాఠం అయిపోయిందని అర్థం. నల్గొండ పిల్లలు, ఖమ్మం పిల్లలు, గుంటూరు, కృష్ణా పిల్లలు ఒకే బల్ల మీద ఇరుక్కుని కూర్చునేవాళ్లు. పరీక్ష ముందు మంగళవారం అందరూ కలిసి కర్మన్‌ఘాట్ హనుమంతుడి దగ్గరికి పెన్నులు పట్టుకుపోయేవాళ్లు. నేను నమ్మినా నమ్మకపోయినా, ఆ మర్నాడు క్లాసులో సింధూరం అంటిన వేళ్లతో రాసే పిల్లల్ని చూస్తే ముచ్చటేసేది.

రంగు కాగితాలు

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. జన్యువంటే నాలుగే అక్షరాలతో రాసిన పొడుగాటి వాక్యం. మూడేసి అక్షరాలు ఒక మాట. ఆ మాట పేరే కోడాన్. ఒక్కో కోడాన్ ఫలానా అమైనో ఆమ్లాన్ని తెమ్మంటుంది. తెచ్చినవాటిని కణం వరసగా దండ గుచ్చితే ప్రోటీన్. ఆమ్లాలు ఇరవై, కోడాన్లు అరవై పైచిలుకు. అందుకని ఒకే ఆమ్లానికి రెండు, నాలుగు, ఆరు మాటలు కూడా ఉంటాయి. లూసిన్ అనే దానికి ఆరు.

ఆరూ ఒకటే అయితే అన్నిటినీ సమానంగా వాడాలి కదా? ఈ అనుమానం నన్ను నిద్ర పోనీయలేదు. చిరిగిన పుస్తకాల్లో జవాబు లేదు. చైతన్యపురి మలుపులో ఇంటర్నెట్ సెంటర్ ఒకటి వచ్చాక, అక్కడ కూర్చుని, ఎవరైనా చూసుకునేలా శాస్త్రవేత్తలు పెట్టిన జన్యువులను ప్రింటు తీయించాను. పేజీల నిండా ఏ, టీ, జీ, సీలు.

సెంటర్ నడిపే అన్వర్ భాయ్ ప్రింటరు దగ్గర నిలబడి తల గోక్కున్నాడు. "క్యా హై సార్ గిది? మంత్రమా? గీ కాగితం ఎవరి ఇంట్లనన్న పాతిపెడ్తరా ఏంది?"

"నీ ఒంట్లనే ఉంది భాయ్, కొత్తగ పాతేదేం లేదు."

"అయితే జర మంచి ఇంకు పెడ్త ఆగుండ్రి."

ఇంటికి తెచ్చి రంగు పెన్సిళ్లు ముందేసుకుని కూర్చున్నాను. లూసిన్‌కు ఉన్న ఆరింటిలో సీటీజీ వస్తే ఎరుపు, టీటీజీ వస్తే పసుపు, మిగతా నాలుగింటికి వేరే రంగులు. మన పేగుల్లో ఉండే బ్యాక్టీరియా జన్యువు ముందు పెట్టుకున్నాను. అది రోజూ విరివిగా తయారుచేసుకునే ప్రోటీన్ తాలూకు జన్యువు. కాగితమంతా ఎర్రబారింది. తర్వాత ఈస్ట్‌ది, బ్రెడ్డు పొంగడానికి వేసే ఈస్ట్. అలాంటి పని చేసే జన్యువే. అది పసుపు గణపతిలా తయారైంది. మిగతా రంగులు రెండింట్లోనూ అక్కడొకటి ఇక్కడొకటి.

ఎవరూ చెప్పకుండా నా కంటితో నేను చూసిన మొదటి నిజం అది. నాకంటే చాలా ముందే ప్రపంచం దాన్ని కనుక్కుంది, దానికి పేరు పెట్టింది, దాని మీద గుట్టలుగా రాసింది. ఆ సంగతి తర్వాత తెలిసింది. తెలిసినా నా సంతోషం రవ్వంత తగ్గలేదు. అమ్మ చేతి అన్నం ముందు ఎవరో తిన్నారని మనకు ఆకలి తీరకుండా పోదు కదా.

ఆ కాగితాలు క్లాసులో వేలాడదీసేవాణ్ని. పేర్లు రాసేవాణ్ని కాదు. "ఏది ఎవరిదో చెప్పండ్రి" అనేవాణ్ని. పిల్లలు నోళ్లు తెరిచేవాళ్లు. అప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా ఎత్తుకునేవాణ్ని. అక్కడ నల్గొండ బస్సు కోసం నిలబడ్డాయన ఫోన్‌లో "ఒస్తున్న" అంటాడు. పక్కన విజయవాడ బస్సు కోసం నిలబడ్డాయన "వచ్చేస్తున్నానండీ" అంటాడు. ఇద్దరూ వస్తున్నవాళ్లే. కానీ ఎవరిది ఏ వైపో మనకు చెప్పనక్కర్లేదు. జన్యువుకూ ఊరుంటుంది. దాని మాటలో వినబడుతుంది.

ఒకసారి డైరెక్టర్ గారు తలుపు తీసి లోపలికి చూశారు. ఆయనది తెనాలి వైపు. మంచి గొంతు, మంచి పంచె. "ఏవండీ మాస్టారూ, ఆ రంగు కాగితాలు తీయించెయ్యండి. పేరెంట్సు చూస్తే డ్రాయింగు క్లాసనుకుంటారు" అన్నారు. తీయలేదు. పేరెంట్స్ వచ్చే రోజు మాత్రం ఫ్యాను స్పీడు పెంచేవాణ్ని. కాగితాలు ఎగిరి వెనక్కి తిరిగేవి.

మెస్సులో రొట్టె

తేడా ఉంటే ఏమవుతుందని పిల్లలు అడిగేవాళ్లు. సరైన ప్రశ్న. హాస్టల్ మెస్సు చూపించేవాణ్ని.

మీ మెస్సులో అన్నం వడ్డించేవాళ్లు నలుగురు, రొట్టె వేసేవాడు ఒక్కడు. అందరూ అన్నం అడిగితే లైను నడుస్తుంది. ఒకరి తర్వాత ఒకరు వరసగా రొట్టెలే అడిగారనుకోండి, లైను పెనం దగ్గరే ఆగుతుంది. వెనకవాళ్లు కొందరు తినకుండానే క్లాసుకు పోతారు. ఎదురు గల్లీలో ఇంకో మెస్సుంది. అక్కడ అంతా రొట్టె తినేవాళ్లే కాబట్టి వేసేవాళ్లూ ఎక్కువ. అదే లైను అక్కడ ఆగదు.

కణంలో కూడా ఒక్కో కోడాన్‌కు ఆమ్లాన్ని మోసుకొచ్చేవి ఉంటాయి. ఏ జీవి ఏ కోడాన్‌ను ఎక్కువ వాడుతుందో దాన్ని మోసేవే దానిలో ఎక్కువ. ఆర్జినిన్ అనే ఆమ్లానికి ఏజీఏ అనే మాట ఈస్ట్‌కు మహా ఇష్టం. పేగుల బ్యాక్టీరియాలో దాన్ని మోసేవి చాలా తక్కువ. ఈస్ట్ జన్యువును ఉన్నదున్నట్టు తెచ్చి బ్యాక్టీరియాలో పెడితే, ఏజీఏలు వరసగా వచ్చిన చోట దండ గుచ్చడం ఆగిపోవచ్చు. సగం ప్రోటీనే రావచ్చు. అసలు రాకపోవచ్చు.

"అయితే ఎప్పుడూ తొందరగా పోయే కోడానే మంచిదా సార్?" అని ఒక పిల్ల అడిగింది. కాదు. కొన్ని ప్రోటీన్లు సరిగ్గా మడత పడాలంటే మధ్యలో జర ఆగాలి. అక్కడ నిదానమే పని చేస్తుంది. ఎక్కడ, ఎంత అన్నది జీవిని బట్టి, జన్యువును బట్టి ఉంటుంది. ఈ "బట్టి" అనే మాటే నాకూ సంస్థకూ తగువు పెట్టింది.

బిట్టుకు ఒకటే నిజం

కోచింగ్ పని అసలు స్వరూపం బయటివాళ్లకు తెలియదు. మేం పాఠం రాయం, బిట్లు పుట్టే నేల రాస్తాం. బిట్టంటే నాలుగు జవాబుల ప్రశ్న. ప్రతి వాక్యం లోంచీ ఒక బిట్టు రావాలి. రాకపోతే ఆ వాక్యం దండగ. ఏటా వేసవిలో కమిటీ కూర్చుని మెటీరియల్‌ను వాక్యం వాక్యం చదివేది. "సాధారణంగా", "చాలావరకు", "కొన్ని జీవుల్లో" కనిపిస్తే కొట్టేసేది. ఆ మాటలుంటే పిల్లలు జవాబుల కీ మీద గొడవకొస్తారని భయం.

నేను రాసింది ఇది: "కోడాన్ మారినా అమైనో ఆమ్లం మారకపోతే సాధారణంగా ప్రోటీన్ మారదు. కానీ ఒకే అర్థమున్న కోడాన్లలో ఏది ఎక్కువ వాడాలన్నది జీవికీ జీవికీ వేరు. ఒక జీవి జన్యువును ఇంకో జీవిలో పెట్టినప్పుడు ఈ తేడా పని చెడగొట్టవచ్చు."

డైరెక్టర్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మాస్టారూ, సాధారణంగా అంటారు, వచ్చు అంటారు. ఇందులో బిట్టెక్కడుందండీ? బిట్టుకు ఒకటే నిజం ఉండాలి."

"నిజానికి ఒకటే బిట్టు ఉండదండీ" అన్నాను.

ఆయన నవ్వారు. కోపిష్టి కాదు, మోసగాడూ కాదు. ఆయన నమ్మింది ఆయన చేశారు. పక్కన కూర్చున్న శ్రీకాంత్ వైపు చూసి, "కొట్టెయ్ నాయనా" అన్నారు. శ్రీకాంత్ నా క్లాసులోనే చదివి, మా దగ్గరే లెక్చరరుగా చేరినవాడు. రంగు కాగితాల్లో ఈస్ట్‌ను అందరికంటే ముందు గుర్తుపట్టింది అతనే. నా వైపు చూడకుండా గీత గీశాడు.

అప్పటినుంచి అదో ఏటా జరిగే తంతు. వాళ్లు వేసవిలో కొట్టేసేవాళ్లు. నేను ప్రెస్సుకు పోయే ముందు ప్రూఫులు దిద్దేటప్పుడు మళ్లీ రాసేవాణ్ని. నేనున్నంత కాలం నా మూడు వాక్యాలూ బతికాయి. దీనికి నేను సిగ్గుపడను. కొత్తవాళ్లకు చెబుతున్నాను: ప్రూఫు దిద్దే పని ఎవరికీ ఇవ్వకండి. జ్వరం వచ్చినా ఇవ్వకండి.

నేను రిటైరయ్యాక ప్రూఫులు ఇంకెవరి చేతికో వెళ్లాయి. నా మూడు వాక్యాలు పోయాయి. వాటి స్థానంలో ఏం మొలిచిందో నాకు తెలియలేదు. తెలిసేలా చేసింది ఏసోబు.

ఏసోబు కొట్లాటకు వచ్చిన రోజు

ఏసోబు ఆటో నడుపుతాడు, ఎల్బీనగర్‌లో. నన్ను ఏళ్లపాటు దిల్‌సుఖ్‌నగర్‌కు తీసుకెళ్లినవాడు. బడంగ్‌పేట్‌లో మా గేటు ముందు ఆటో ఆపి, హారన్ కొట్టకుండా దిగాడు. అప్పుడే అనుకున్నాను, ఏదో జరిగిందని. వెనక అతని బిడ్డ ఎస్తేరు, చేతిలో మా సంస్థ పుస్తకం.

"సార్, మీకు దండం. కోపానికి రాకున్రి. మీ బుక్కు సదివి మా బిడ్డ ల్యాబుల నగుబాటైంది."

"నాయినా, నువ్వు జర ఊకో" అంది ఎస్తేరు.

"నేనెందుకు ఊకుంట? చర్చిల అందరికి చెప్పుకున్న, ఫలానా సార్ రాసిన బుక్కు సదువుతుంది నా బిడ్డ అని. గిప్పుడు ఆ సారే తప్పు రాసె!"

సరిగ్గా అప్పుడే నాదర్‌గుల్ పైలట్ల ట్రైనింగు విమానం ఒకటి మా మిద్దె మీదుగా గుండ్రం తిరిగింది. ఆ చప్పుడు పోయేదాకా ఇద్దరం ఒకరినొకరు గుర్రుగా చూసుకుంటూ నిలబడ్డాం. ఆ వ్యవధిలో మా ఆవిడ మంచినీళ్లు తెచ్చింది. ఏసోబు తాగాడు, కోపం తగ్గలేదు.

ఎస్తేరు చెప్పింది. నేను రిటైరయ్యాక మా సంస్థలో చేరిన పిల్ల. ఆమెకు నేను అట్ట మీద పేరుగానే తెలుసు. ఇప్పుడు ఎమ్మెస్సీ ఆఖరు ఏడు. ఈస్ట్ జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి ప్రోటీన్ తీయాలి. నెలలు గడిచినా రాలేదు. రసాయనాలు మార్చింది, వేడి మార్చింది, తన చేతినే అనుమానించుకుంది. కోడాన్ల వైపు చూడనే లేదు. చివరికి గైడ్ మేడమ్ అడిగింది, ఆ రెండు జీవుల కోడాన్ వాడకం పోల్చి చూశావా అని.

"నేనన్నా సార్, ఏది వాడినా తేడా ఉండదు గదా మేడమ్ అని. అందరు నవ్విన్రు. మేడమ్ నవ్వలే. ఎవరు చెప్పిన్రు నీకు అని అడిగింది."

"నువ్వేమన్నవ్?"

ఆ పిల్ల పుస్తకం అట్ట నా వైపు తిప్పింది. "మీ పేరు చెప్పిన సార్."

ఆ పేజీ అప్పుడు చదివాను. నా ఉద్యోగంలో తిట్లు తిన్నాను, జీతాలు ఆలస్యమయ్యాయి, నేనున్న సెక్షను పిల్లల్ని రాత్రికి రాత్రి వేరే బ్రాంచికి మార్చారు. అవేవీ ఇంత తగల్లేదు. ఆ ల్యాబులో అందరికీ ఆ నిజం తెలుసు. తెలిసినవాళ్ల మధ్య, తెలియనితనానికి మూలపురుషుడిగా నా పేరు పలికింది ఒక పిల్ల. అదీ నిజాయితీగా, అబద్ధం ఆడకుండా.

అటక మీంచి రంగు కాగితాలు దింపాను. ఇంకా నేను దాచుకున్న పాత పుస్తకం కూడా. మూడు వాక్యాలూ ఎస్తేరే తన తండ్రికి పైకి చదివి వినిపించింది. ఏసోబు కాసేపు పసుపు కాగితాన్ని, కాసేపు ఎర్ర కాగితాన్ని చూశాడు.

"అంటే సార్, ఈడి బండి సామాను ఆడి బండికి పడదన్నట్టు."

"పడితే పడతది, లేకుంటే లేదు. చూడకుండ బిగించొద్దంటున్న."

"గంతే గద! గీ ముక్క రాసెటందుకు ఏమైంది ఆళ్లకు?"

ఎస్తేరు పని తర్వాత కుదిరింది. అరుదైన కోడాన్లను మోసేవి అదనంగా ఉండే బ్యాక్టీరియా రకం ఒకటి వాళ్ల మేడమే ఇచ్చింది. అందులో నా గొప్పేం లేదు.

రెండు కోరికలు

శ్రీకాంత్ ఇప్పుడు ఆ సంస్థలో అకడమిక్ హెడ్. అద్దాల గది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, తన కుర్చీ నాకిచ్చి తను పక్క కుర్చీలో కూర్చున్నాడు. పేజీ చూపించాను.

"మీరు చెప్పింది కరెక్టే సార్. నాకు తెల్వదా?"

"తెలిసి వేసినవా?"

"నేను వెయ్యలే సార్. కమిటీ వేసింది. గని ఇప్పుడు ఆ ఒక్క లైన్ మీద బోలెడు బిట్లున్నయి. లైన్ మారిస్తే బిట్లు మార్చాలె, కీలు మార్చాలె, యాప్ మార్చాలె. బ్రాంచిలన్నిట్ల పిల్లలు బట్టీ పట్టిన్రు."

"అబద్ధానికి బిట్లెక్కువ ఉన్నయని నిజాన్ని ఆపుతవా?"

"సార్, చాయ్ తాగుండ్రి."

చాయ్ తాగలేదు. ఇంటికొచ్చి ఉత్తరం రాశాను. రెండే కోరికలు: ఆ వాక్యం మార్చండి, లేదా అట్ట మీంచి నా పేరు తీసేయండి. జవాబు లేదు. మళ్లీ రాశాను. మళ్లీ లేదు. మూడోది రాస్తుంటే మా ఆవిడ భుజం మీంచి తొంగిచూసింది.

"రెండో కోరిక ఎందుకు రాస్తున్నవ్?"

"కోపమొచ్చి."

"అల్కగ, కష్టం లేకుంట అయ్యేదే చేస్తరు ఎవలైనా. నీ బ్యాక్టీరియా గూడ అంతేనంటివి గద, దగ్గర ఏది దొరికితే అదే పట్టుకుంటదని?"

ఆమె నా క్లాసులో ఎప్పుడూ కూర్చోలేదు. అయినా రెండో కోరిక కొట్టేయలేదు. ఆ వాక్యం కింద నా పేరు ఒక్క రోజు ఎక్కువ ఉండడం కూడా నాకు ఇష్టం లేదు.

చేరబోయేవాళ్లకు

పిల్లలూ, ఈ ఉద్యోగం చెడ్డది కాదు. సెల్లారు గదిలో ఒక మొహం వెలిగితే ఆ వెలుగు ముందు ఏ జీతమూ చాలదు. కానీ మీ నోట్లోంచి "సాధారణంగా" అనే మాట ఎవరు లాక్కున్నా ఊరుకోకండి. ఆ మాట చేతకానితనం కాదు. బ్యాక్టీరియా వేరు, ఈస్ట్ వేరు, మనిషి వేరు అని ఒప్పుకునే మర్యాద అది. ర్యాంకులు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. ఆ ర్యాంకుతో ల్యాబు మెట్లెక్కిన పిల్లను చూసి నలుగురు నవ్వితే, అక్కడ మీ డైరెక్టరు ఉండడు, మీ కమిటీ ఉండదు. మీ పేరొక్కటే ఉంటుంది.

నా మూడు వాక్యాలు పైన రాశాను. కావలసినవాళ్లు రాసుకోండి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. రంగు కాగితాలు ఇప్పుడు మా వరండాలో ఉన్నాయి. పెన్సిళ్లు తెచ్చుకుని వచ్చేవాళ్లకు గేటు తీసే ఉంటుంది. ఎస్తేరు సొంతంగా రంగులు వేసిన కాగితం ఒకటి ఏసోబు ఆటోలో సీటు వెనక అతికించుకున్నాడు. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా, ఎక్కినవాళ్లు ఇదేందన్నా అని అడుగుతారట. దిగేలోపు చెబుతాడట. నేను క్లాసులో చెప్పినదానికంటే బాగా చెబుతాడని ఎస్తేరు అంటుంది. నేను ఒప్పుకోను.

మూడో ఉత్తరానికి జవాబు వచ్చింది. ఒక్క అక్షరం మార్చకుండా ఇస్తున్నాను:

"గౌరవనీయులైన సార్‌కు నమస్కారం. సాధారణంగా రిటైరైన లెక్చరర్ల ఉత్తరాలకు సంస్థ జవాబు ఇవ్వదు. మీ విషయం వేరు కాబట్టి రాస్తున్నాను. మీరు కోరిన రెండింటిలో ఒకటి కొత్త ఎడిషన్ నుంచి అమలు చేశాం. వాక్యం ఉంటుంది. మీ పేరు ఉండదు. ఇట్లు, మీ విద్యార్థి, శ్రీకాంత్."